అమెరికా వసంతకాలపు బెర్రీ పంట: అపోహలు - వాస్తవాలు

ఏటా ఫిబ్రవరి చివరి నుంచి మే దాకా అమెరికా బెర్రీ పంట గురించి రెండు మాటలే ఎక్కువగా వినిపిస్తాయి. "మంచు కొట్టేసింది, ఈ ఏడు పంట లేదు." లేదంటే "చలి పెద్దగా లేదు, ఈ ఏడు పండ్లే పండ్లు." రెండూ తొందరపాటు మాటలే. అంచనా వేయాలంటే పూత ఏ దశలో ఉందో, ఆ రాత్రి పూల దగ్గర ఉష్ణోగ్రత ఎంతకు పడిందో, తర్వాతి వారం తేనెటీగలు ఎగిరాయో లేదో తెలియాలి. అక్కడి తోటల్లో లెక్కంతా ఫారన్‌హీట్‌లోనే కాబట్టి కింద అంకెలన్నీ అందులోనే ఉన్నాయి. 32 అంటే సున్నా సెల్సియస్, 28 అంటే మైనస్ 2.2.

అపోహ: 32 కిందికి పడిందంటే పూతంతా పోయినట్టే.

పూత దశను బట్టి ఈ హద్దు మారుతుంది. బ్లూబెర్రీ మొగ్గ అప్పుడప్పుడే ఉబ్బుతుంటే 15 దాకా తట్టుకుంటుంది. గుత్తిలో పూమొగ్గలు విడివిడిగా కనబడే వేళకు 20-23 దగ్గరే దెబ్బ మొదలవుతుంది. మొగ్గ గులాబీ రంగు తిరిగాక ఆ హద్దు 24-27కు, పూర్తిగా విచ్చుకున్నాక 28కి చేరుతుంది. అన్నిటికంటే సున్నితమైనది పూరేకులు రాలిన వెంటనే ఉండే పిందె. దానికి 32 దగ్గర కాసేపు ఉన్నా ముప్పే. స్ట్రాబెర్రీలో విచ్చిన పూవుకు 30, ఆకుపచ్చ పిందెకు 28 అని గుర్తుపెట్టుకుంటే చాలు.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. గాలి లేని, మబ్బు లేని రాత్రి నేల దగ్గర చలి, మనిషెత్తు పైన ఉన్న చలి కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ. వాతావరణ కేంద్రం 34 అంటుంటే స్ట్రాబెర్రీ బెడ్ మీద 29 ఉండొచ్చు. థర్మామీటర్ పూల ఎత్తులోనే, తోటలో అన్నిటికంటే పల్లంగా ఉన్న చోట పెట్టాలి.

నష్టం తేల్చడానికి తెల్లారగానే పరుగెత్తి లాభం లేదు. ఒక రోజు ఆగితే దెబ్బతిన్న కణజాలం గోధుమ రంగుకు తిరుగుతుంది. ఒక్కో రకంలో పల్లం వైపు, మెరక వైపు కలిపి 100 పూలు తీసుకుని బ్లేడుతో నిలువునా కోసి చూడండి. బ్లూబెర్రీలో అండాశయం లోపల గోధుమ రంగు వచ్చిందంటే ఆ పూవు పోయినట్టే. స్ట్రాబెర్రీలో పూరేకులు తెల్లగా, నవనవలాడుతూనే ఉంటాయి, నడిమధ్య మాత్రం నల్లబడుతుంది. బయటి నుంచి చూసి "పూత బాగుంది" అనుకునేది ఇక్కడే.

అపోహ: సగం పూత పోతే సగం పంట పోయినట్టే.

స్ట్రాబెర్రీ విడతలు విడతలుగా పూస్తుంది. ఒక విడత పోతే దాదాపు నెల తర్వాత కోతలో గండి పడుతుంది, ఆ తర్వాత మళ్లీ కాయలొస్తాయి. మార్చి 15న దెబ్బ తగిలితే కొరత కనిపించేది ఏప్రిల్ మధ్యలో. అయితే గుత్తిలో మొదట విచ్చే పూవే అన్నిటికంటే పెద్ద కాయనిస్తుంది కాబట్టి, అది పోతే కాయ సైజూ తొలి ధరా రెండూ తగ్గుతాయి.

బ్లూబెర్రీకి రెండో విడత లేదు. ఏటా ఒక్కసారే పూత. అయినా పూత దండిగా ఉన్న పొదలో కొన్ని పూలు పోతే మిగిలినవి లావెక్కి కొంత సర్దుకుంటుంది. పెద్ద దెబ్బ ఎలా తగులుతుందో 2017లో దక్షిణ జార్జియాలో కనబడింది. ఫిబ్రవరి వెచ్చగా గడిచి పూత ముందుకొచ్చింది, మార్చి మధ్యలో గడ్డకట్టే చలి వచ్చిపడింది. బ్లూబెర్రీలో త్వరగా పూసే సదరన్ హైబుష్ రకాలు అప్పటికే పిందె మీదున్నాయి, వెనకగా పూసే రాబిట్ ఐ రకాలు పూత మీదున్నాయి. ఇలాంటప్పుడు రాబిట్ ఐ తోటల్లో జిబ్బరెల్లిక్ ఆమ్లం అనే మొక్కల హార్మోన్ పిచికారీ చేస్తారు. గింజ కట్టని కాయ రాలకుండా అది నిలబెడుతుంది. ఆ కాయలు చిన్నవిగా ఉంటాయి, ఆలస్యంగా పండుతాయి. అండాశయమే చచ్చిపోతే మందు దండగ. అందుకే కోసి చూడకుండా మందు కొట్టకూడదు.

అపోహ: చలికాలం వెచ్చగా ఉంటే పంట ఎక్కువ.

చెట్టుకు నిద్ర కావాలి. 32-45 మధ్య గడిచే గంటలను చలి గంటలుగా లెక్కిస్తారు. ఫ్లోరిడాలో వేసే కొన్ని సదరన్ హైబుష్ రకాలకు 200 గంటలు సరిపోతాయి, మిచిగన్‌లోని నార్తర్న్ హైబుష్ రకాలకు 800 దాటాలి. అవి చాలకపోతే పూత వారాల తరబడి సాగుతుంది, ఆకు పలచగా వస్తుంది. గంటలు నిండిన తర్వాత వచ్చే వెచ్చదనమైతే మరీ ప్రమాదం. 2012 మార్చిలో మిచిగన్ వేసవిలా వేడెక్కి మొగ్గలన్నీ మేలుకున్నాయి, ఏప్రిల్ మంచుకు ఆ రాష్ట్రపు పుల్ల చెర్రీ పంట సుమారు 90 శాతం పోయింది.

అపోహ: పూల మీద పేరుకున్న ఐసే పూలను కాపాడుతుంది.

గడ్డకట్టే చలి రాత్రి పూల మీద స్ప్రింక్లర్లతో నీళ్లు చల్లుతారు, అవి పూల మీదే గడ్డకడతాయి. కాపాడేది పేరుకున్న ఐసు కాదు, నీరు గడ్డకట్టేటప్పుడు వదిలే వేడి. ఒక గ్రాము నీరు గడ్డకడితే 80 కెలొరీల వేడి వస్తుంది, అదే గ్రాము ఆవిరైతే 600 దాకా పోతుంది. గాలి తోలుతూ, తేమ లేని రాత్రి స్ప్రింక్లర్ పెడితే మేలు కంటే కీడే జరగొచ్చు. మామూలు థర్మామీటర్‌ను నమ్మి ఆలస్యం చేయకండి, వెట్ బల్బ్ రీడింగ్ (తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ చూపే అంకె) చూసి మొదలుపెట్టాలి. ఒకసారి మొదలుపెట్టాక ఎండకు ఐసు కరిగి రాలేదాకా ఆపకూడదు. మధ్యలో పంపు ఆగితే అసలు పెట్టకపోవడమే నయమనిపిస్తుంది. ఐసు అద్దంలా ఉంటే నీరు సరిపోతున్నట్టు, పాలలా తెల్లబడితే చాలనట్టు.

నీటికీ హద్దుంది. 2010 జనవరిలో ఫ్లోరిడాలోని ప్లాంట్ సిటీ చుట్టూ 11 రోజుల చలిలో రైతులు భూగర్భ జలం తోడితే నీటి మట్టం 60 అడుగుల దాకా పడిపోయింది. దాదాపు 750 బావులు తాత్కాలికంగా ఎండాయి, 140కి పైగా చోట్ల నేల కుంగింది. చిన్న మళ్లకైతే స్ట్రాబెర్రీ మీద కప్పే తెల్ల గుడ్డే మంచి దారి.

అపోహ: తేనెపెట్టెలు పెట్టాం కాబట్టి కాపు ఖాయం.

ఉష్ణోగ్రత 55 కంటే తక్కువుంటే, వాన పడితే, గాలి గట్టిగా వీస్తే తేనెటీగలు పెద్దగా పెట్టె దాటవు. రాబిట్ ఐకి పక్కనే అదే సమయంలో పూసే ఇంకో రకం కూడా ఉండాలి.

అపోహ: వానలు పడ్డాయంటే కాలిఫోర్నియా స్ట్రాబెర్రీ అయిపోయినట్టే.

అమెరికా స్ట్రాబెర్రీలో సుమారు 90 శాతం కాలిఫోర్నియాదే. అదంతా ఒకే చోట పండదు. ఆక్స్‌నార్డ్ వసంతం తొలి నెలల్లో, శాంటా మరియా ఆ వెనుక, వాట్సన్‌విల్-సాలినాస్ వేసవిలోకి జోరు మీద ఉంటాయి. వానకు తడిసిన పండు బూజు పడుతుంది, పగులుతుంది. దాన్ని కోసి పారేస్తారు, మొక్క మాత్రం క్షేమమే. మూడు నాలుగు వారాల్లో కోత తేరుకుంటుంది. వరద సంగతి వేరు. 2023 మార్చిలో పాహారో నది కట్ట తెగి పొలాల్లోకి వచ్చిన నీటిలో మురుగు, రసాయనాలు కలిసే ప్రమాదం ఉంటుంది. అలా మునిగిన పండు అమ్మకానికి పనికిరాదు.

అపోహ: కోసుకొచ్చి ఇంట్లో పెడితే పండుతాయి.

స్వయంగా కోసుకునే తోటలకు పిల్లలతో వెళ్లే మన తెలుగు కుటుంబాలు దీన్ని గట్టిగా పట్టించుకోవాలి. స్ట్రాబెర్రీ కోశాక ఎర్రబడినా తీపి పెరగదు. తొడిమ కింద దాకా ఎర్రబడినదే కోయాలి. బ్లూబెర్రీ నీలంగా మారిన మూడు నాలుగు రోజులకు గానీ పూర్తి తీపి రాదు. తొడిమ దగ్గర ఎర్రటి వలయం ఉంటే వదిలేయండి. బొటనవేలితో మెల్లగా దొర్లిస్తే చేతిలోకి రాలేది పండింది, లాగాల్సి వచ్చేది కాదు. పైన తెల్లటి పొడిలాంటి పూత దుమ్ము కాదు, సహజమైన మైనం. దాన్ని తుడవకుండా, కడగకుండా ఫ్రిజ్‌లో పెట్టి తినే ముందు కడుక్కోండి.

కోతకు వెళ్లేది ఎప్పుడంటారా? స్ట్రాబెర్రీకి జార్జియా, నార్త్ కరోలైనాల్లో ఏప్రిల్ మధ్య నుంచి మే చివరి దాకా, న్యూజెర్సీలో మే చివరి నుంచి జూన్ మధ్య దాకా. బ్లూబెర్రీకి జార్జియా, న్యూజెర్సీల్లో జూన్, జూలై, మిచిగన్‌లో జూలై, ఆగస్టు. వసంతం వేడిగా వస్తే వారం పది రోజులు ముందుకు, చల్లగా ఉంటే అంతే వెనక్కు జరుగుతాయి. ముందు వారాంతం జనం పోటెత్తిన తోటలో సోమవారం పండు ఉండదు కాబట్టి, బయల్దేరే రోజు ఉదయం తోటకు ఫోన్ చేసి పండు ఉందో లేదో కనుక్కోండి.