ఆర్మీ బడ్జెట్ కోత: సప్లై రూమ్ కిటికీ దగ్గర నుంచి

అమెరికా ఆర్మీలో కొన్నేళ్లు సప్లైలో పనిచేశాను. టెంట్ల నుంచి రైఫిళ్ల దాకా లెక్క రాసి, సంతకం పెట్టించుకుని ఇచ్చే పని. 2013 మార్చి 1న సీక్వెస్ట్రేషన్ (ప్రభుత్వ ఖర్చులకు చట్టం ప్రకారం తప్పనిసరిగా పడే కోత) పేరుతో బడ్జెట్‌కు కోత పడినప్పుడు అక్కడే ఉన్నాను. ఇరాక్ యుద్ధం ముగిసి, ఆఫ్ఘనిస్తాన్ యుద్ధం తగ్గుతున్నప్పుడు వచ్చిన కోత అది. దాని గురించి మనవాళ్లు నాతో ఇప్పటికీ అనే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: బడ్జెట్ తగ్గిందంటే సైనికుల జీతాలు తగ్గినట్టే.

సైనికుల జీతాల జోలికి వెళ్లలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. అమెరికా ఆర్థిక సంవత్సరం అక్టోబర్‌లో మొదలవుతుంది. కోత పడేసరికి అయిదు నెలలు అయిపోయాయి. నెల సగం గడిచాక మన జీతంలో కోత పడితే అద్దె, ఈఎంఐ ఆగవు కదా, కూరగాయలు, పెట్రోలు దగ్గరే బిగించాలి. ఆర్మీకి కూరగాయలంటే శిక్షణ, విడిభాగాలు, ఇంధనం. కాలిఫోర్నియా ఎడారిలో ఫోర్ట్ ఇర్విన్ లాంటి చోట్ల జరిగే పెద్ద యుద్ధ శిక్షణలు ఆ ఏడాది ఏడు రద్దయ్యాయి. పూర్తి శిక్షణ ఉన్నవి రెండు బ్రిగేడ్లేనని (బ్రిగేడ్ అంటే కొన్ని వేలమంది సైనికుల దళం) అక్టోబర్‌లో ఆర్మీ చీఫ్ జనరల్ రే ఒడియెర్నో అందరి ముందే చెప్పారు. ఆర్మీలో అప్పుడు పోరాట బ్రిగేడ్లు నలభై పైచిలుకు!

జీతం పోయింది సివిలియన్ ఉద్యోగులకు. ఆ వేసవిలో ఆరు రోజులు జీతం లేని సెలవు. మొదట 22 రోజులన్నారు, తర్వాత 11 అన్నారు, చివరికి ఆరు దగ్గర ఆగింది. ఆ నెలలంతా వాళ్లకు ఒకటే టెన్షన్.

మా దగ్గర హమ్వీకి (ఆర్మీ జీపు లాంటి బండి) పార్ట్ ఆర్డర్ పెడితే ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేకపోయేవారు. ఎలాగూ నడవని బండి నుంచి విప్పి, నడిచేదానికి బిగించేవాళ్లం. దానికి కూడా పై అధికారి సంతకం కావాలి.

అపోహ: యుద్ధం అయిపోతే ఖర్చూ అయిపోతుంది.

పెళ్లయ్యాక షామియానా విప్పేవాళ్లకీ, వంటసామాను లెక్కపెట్టి అప్పజెప్పేవాళ్లకీ కూలి ఇవ్వాలి. ఇదీ అంతే. అక్కడి సామానంతా ఇంటికి తేవాలి, ఆఫ్ఘనిస్తాన్‌కేమో సముద్రం లేదు. కరాచీ రేవుకు సామాను చేర్చే దారిని పాకిస్తాన్ 2011 నవంబర్ నుంచి 2012 జూలై దాకా మూసేసింది. ఉత్తరం వైపు దూరపు దారులూ, విమానాలూ దిక్కయ్యాయి. ఇంటికి చేరినదాన్ని విప్పి, ఇసుక దులిపి, అరిగిన భాగాలు మార్చాలి. దీన్నే రీసెట్ అంటారు. యుద్ధం ముగిశాక కూడా రెండు మూడేళ్లు దానికి డబ్బు కావాలని ఆర్మీ అప్పట్లో అడుగుతూనే ఉండేది. అప్పట్లో ఈ ఖర్చుకు డబ్బు మామూలు బడ్జెట్ నుంచి కాక, విడిగా ఉన్న యుద్ధ నిధి నుంచి వచ్చేది. చట్టం పెట్టిన బడ్జెట్ పరిమితి ఆ నిధికి వర్తించేది కాదు. యుద్ధం తగ్గేకొద్దీ ఆ నిధీ తగ్గేది, రిపేర్లు మాత్రం మిగిలే ఉండేవి.

అన్నీ తెచ్చారా అంటే లేదు. మందుపాతరలను తట్టుకునే ఎంరాప్ బండ్లు ఒక్కోటి కొన్ని లక్షల డాలర్లు పెట్టి కొన్నవి. అక్కర్లేదనుకున్న సుమారు రెండు వేల బండ్లను అక్కడే ముక్కలు చేయాలని నిర్ణయించారు. ఆ ఇనుము ఆఫ్ఘన్ పాతసామాన్ల వ్యాపారులకు పౌండు కొన్ని సెంట్ల లెక్కన వెళ్లింది. లెక్క ప్రకారం తప్పు కాదు, తేవడానికయ్యే ఖర్చు అంతకన్నా ఎక్కువ. కానీ ఒక్క బోల్టు పోయినా కాగితం రాయించే ఉద్యోగం చేసినవాడికి మింగుడుపడలేదు.

అపోహ: ఆర్మీ ఎప్పుడూ ఇంకా ఆయుధాలు కావాలనే అడుగుతుంది.

ఒహాయోలోని లైమా ఫ్యాక్టరీలో అబ్రామ్స్ ట్యాంకుల పని కొన్నేళ్లు ఆపుతామని 2012లో ఆర్మీయే చెప్పింది. వద్దన్నా అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) డబ్బిచ్చింది. ఉద్యోగాల రాజకీయం ఉంది, నిజమే. కానీ చేయి తిరిగిన వెల్డర్లు ఒకసారి చెదిరిపోతే మళ్లీ దొరకరన్న వాదనను కూడా నేను కొట్టిపారేయను.

అపోహ: మనుషుల్ని తగ్గించినా అవసరమైతే మళ్లీ చేర్చుకోవచ్చు.

రిక్రూట్లను చేర్చుకోవచ్చు, పదేళ్ల అనుభవం ఉన్న సార్జెంట్‌ను చేర్చుకోలేం. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో 80 లక్షలున్న ఆర్మీ 1950 నాటికి ఆరు లక్షల లోపుకి వచ్చింది. ఆ జూలైలో కొరియాలోని ఓసాన్ దగ్గర టాస్క్ ఫోర్స్ స్మిత్ అనే అమెరికా దళం పేల్చిన పాత బజూకాలు (భుజం మీంచి రాకెట్లు పేల్చే గొట్టాలు) ఉత్తర కొరియా టీ-34 ట్యాంకుల ఉక్కును చీల్చలేకపోయాయి.

ఈసారి 2010లో 5,66,000 దగ్గరున్న సంఖ్య 2016కి 4,75,000 దగ్గరకు దిగింది. కొత్తవాళ్లను తగ్గిస్తే సరిపోలేదు. 2014లో వెయ్యికి పైగా కెప్టెన్లను, 500కు పైగా మేజర్లను ఇంటికి పంపాలని బోర్డులు ఎంపిక చేశాయి. కొందరికి ఆ కబురు ఆఫ్ఘనిస్తాన్‌లో డ్యూటీలో ఉండగానే అందింది. సిపాయి స్థాయి నుంచి ఎదిగి, ఆఫీసరుగా ఎనిమిదేళ్లు నిండనివాళ్లకైతే పింఛను మళ్లీ పాత ర్యాంకు లెక్కలోనే.

ఆ జాబితాలో పేరున్న ఒక కెప్టెన్ తన కంపెనీ (ఆయన కింద ఉన్న సైనిక దళం) సామాను అప్పజెప్పడానికి నా దగ్గరికే వచ్చారు. రెండు వారాలు ప్రతి వస్తువూ నేల మీద పరిచి లెక్కపెట్టాం. చివరికి ఒక టూల్‌బాక్స్‌లో రెంచ్ తక్కువొచ్చింది. పోతే ఆయన జీతంలోంచే కట్టాలి. మధ్యాహ్నం దాకా వెతికితే ట్రక్కు సీటు వెనక దొరికింది. దాన్ని తుడిచి పెట్టెలో పెట్టి, సంతకం చేసి, నా పెన్ను నాకిచ్చి వెళ్లిపోయారు.