రాంచీ హెచ్‌ఈసీ: ఏడాదికో ఉక్కు కర్మాగారం లెక్కతో కట్టిన కొలిమి

రాంచీ శివారు ధుర్వాలో భారీ యంత్రాలు చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ హెవీ ఇంజనీరింగ్ కార్పొరేషన్ (హెచ్‌ఈసీ) కార్మికుల జీతాల గొడవ మళ్లీ రాజుకుంది. 2023లో చంద్రయాన్-3 నింగికెగిరినప్పుడు కూడా ఈ పేరు దేశమంతా మోగింది. రాకెట్ లేచిన శ్రీహరికోట రెండో ప్రయోగ వేదికకు మొబైల్ లాంచ్ పెడెస్టల్ (రాకెట్‌ను నిలబెట్టే కదిలే పీఠం) చేసిచ్చింది వీళ్లే. అప్పటికి ఏడాదికి పైగా వీళ్లకు జీతాల్లేవు. చంద్రయాన్-3 కోసం వీళ్లకు ఏ పనీ అప్పగించలేదని, 2003-2010 మధ్య ఇస్రోకు కొన్ని పరికరాలు ఇచ్చారంతేనని కేంద్రం పార్లమెంటులో చెప్పింది. మాట వరకు నిజమే, కానీ రాకెట్ నిలబడింది ఆ వేదిక మీదే కదా.

1958లో కంపెనీ పెట్టడం, 1963 నవంబరు 15న నెహ్రూ జాతికి అంకితం చేయడం చాలాసార్లు విన్న కథే. అసలు చూడాల్సింది 1966. సోవియట్ సాయంతో యంత్రాల ప్లాంటు, చెకొస్లొవాకియా సాయంతో ఉక్కును పోతపోసి, కాల్చి ఒత్తే ఫౌండ్రీ ఫోర్జ్ ప్లాంటు కట్టినప్పుడు వేసుకున్న లెక్క ఒక్కటే: ఏటా పది లక్షల టన్నుల ఉక్కు కర్మాగారం ఒకదానికి సరిపడా యంత్రాలు ఇక్కడి నుంచి పోవాలి. తీరా ప్లాంటు పనిలోకి దిగే వేళకు యుద్ధం, కరువు, రూపాయి విలువ తగ్గింపు వరసగా వచ్చిపడ్డాయి. పంచవర్ష ప్రణాళికే 1969 దాకా ఆగిపోయింది. బొకారో ఉక్కు కర్మాగారం ఆర్డర్లు దక్కాయి గానీ, ఏడాదికో బొకారో ఎక్కణ్నుంచి వస్తుంది?

వేసుకున్న లెక్కకూ వచ్చిన ఆర్డర్లకూ మధ్య ఈ తేడా ఎంత ఖరీదో ఫౌండ్రీ ఫోర్జ్ ప్లాంటు లోపల చూస్తే తెలుస్తుంది. 6,000 టన్నుల బలంతో ఒత్తే ప్రెస్ కిందికి ఒక ఉక్కు దిమ్మ రావాలంటే ముందు దాన్ని గంటల తరబడి కొలిమిలో లోపలి దాకా ఎర్రగా కాల్చాలి. దిమ్మలు వరసగా వస్తుంటే ఆ వేడి ఖర్చు అన్నిటికీ పంచుకుపోతుంది. ఒక్కటే వస్తే మొత్తం దాని నెత్తినే పడుతుంది. అంత పెద్ద కొలిమిని చిన్న పనికి వెలిగిస్తే నష్టం తప్పదు. దీన్ని కార్మికుల చేతగానితనం అనడం అన్యాయం. 1992లో కంపెనీ ఖాయిలా పరిశ్రమల బోర్డు గడప తొక్కడానికి మూలం ఇక్కడే ఉంది.

2018-19లో 93 కోట్లున్న నష్టం మరుసటి ఏడాదికి 405 కోట్లయింది. హెచ్‌ఈసీ వేరే సంస్థ, జీతాలకు డబ్బు అదే సంపాదించుకోవాలన్నది కేంద్రం వాదన. చేతిలో ఆర్డర్లున్నాయి, ముడిసరుకు కొనడానికి డబ్బిమ్మంటున్నామన్నది కార్మికుల మాట. రోజువారీ ఖర్చులకు 1,000 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ అడిగితే రాలేదు.

ఇక భూమి సంగతి. ఫ్యాక్టరీ కోసం ఆదివాసీ ఊళ్ల నుంచి 7,000 ఎకరాలకు పైగా తీసుకున్నారు. అందులో 2,000 ఎకరాలకు పైగా తర్వాత రాష్ట్ర ప్రభుత్వానికి వెళ్లింది. 2019లో కొత్త అసెంబ్లీ, 2023లో కొత్త హైకోర్టు ధుర్వాలోనే ప్రారంభమయ్యాయి. ఫ్యాక్టరీకి పనికిరాని భూమిని తిరిగి తమకే ఇవ్వాలని నిర్వాసిత కుటుంబాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి.