రాప్, రాప్-రాక్ ఆల్బమ్‌లు: నేను రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

రాప్ వోకల్స్ మిక్సింగ్ చేయడం, అంటే రాపర్ గొంతునీ వాయిద్యాలనీ సరైన పాళ్లలో కలపడం, నా పని. స్టూడియోకి వచ్చే కుర్రాళ్లు, ఆల్బమ్‌ల గురించి వాదనకు దిగే స్నేహితులు కొన్ని మాటలు మళ్లీ మళ్లీ అంటుంటారు. వాటికి ఒకచోట జవాబు రాసి పెడదామని ఈ పోస్ట్. నా అభిప్రాయాలు కూడా మధ్యలో వస్తాయి, ఒప్పుకోకపోతే వాదించండి.

అపోహ: రాప్-రాక్ లింకిన్ పార్క్‌తో మొదలైంది.

మనలో చాలామందికి రాప్‌నీ రాక్‌నీ కలిపే ఈ సంగీతం పరిచయమైందే లింకిన్ పార్క్ ఆల్బమ్ 'హైబ్రిడ్ థియరీ'తో కాబట్టి అలా అనిపిస్తుంది. అది వచ్చింది 2000లో. అంతకు పద్నాలుగేళ్ల ముందే, 1986లో, రన్-డీఎంసీ 'రైజింగ్ హెల్', బీస్టీ బాయ్స్ 'లైసెన్స్‌డ్ టు ఇల్' వచ్చేశాయి. రెండింటికీ ప్రొడ్యూసర్‌గా పనిచేసిన రిక్ రూబినే అదే ఏడాది స్లేయర్ అనే మెటల్ బ్యాండ్‌తో 'రెయిన్ ఇన్ బ్లడ్' కూడా చేశాడు, ఆ స్లేయర్ గిటారిస్టు కెర్రీ కింగ్ వచ్చి బీస్టీ బాయ్స్ పాటలో సోలో వాయించాడు. ఇక 'రైజింగ్ హెల్'లో ఉన్న 'వాక్ దిస్ వే' అసలు రాక్ బ్యాండ్ ఏరోస్మిత్ 1975లో చేసిన పాట. దాని మొదట్లో డ్రమ్స్ ఒక్కటే వినిపించే చిన్న ముక్క ఉంటుంది, న్యూయార్క్ డీజేలు దాన్నే తిప్పి తిప్పి వేస్తుంటే దాని మీద రాప్ చేసేవాళ్లు. అంటే అక్కడ రాక్ పాట నుంచి రాప్ వాళ్లు ముందుగా తీసుకున్నది గిటార్ కాదు, డ్రమ్స్. నా దృష్టిలో ఈ సంగీతం మొత్తానికి కీలకం అదే.

అపోహ: గిటార్ ఎంత గట్టిగా ఉంటే రాప్‌కి అంత బలం.

రోజూ నన్ను సతాయించేది ఇదే. మాటలో హల్లులు స్పష్టంగా వినపడాలంటే సుమారు 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య జాగా ఖాళీగా ఉండాలి. డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించే ఎఫెక్ట్) పెట్టిన గిటార్ సరిగ్గా అక్కడే నిండిపోతుంది. పాడేవాడైతే అచ్చుల్ని సాగదీసి గిటార్ మీదుగా దాటేస్తాడు, రాపర్‌కి ఆ వెసులుబాటు లేదు, అతని సరుకంతా హల్లుల్లోనే ఉంది. అందుకే మంచి రాప్-రాక్ ఆల్బమ్‌లో వర్స్ (రాప్ చేసే చరణం) వచ్చేసరికి గిటార్ తప్పుకుంటుంది. రేజ్ అగెన్స్ట్ ద మెషీన్ మొదటి ఆల్బమ్‌లో (1992) 'బుల్లెట్ ఇన్ ద హెడ్' వినండి, వర్స్‌ని మోసేది బేస్ గిటార్, డ్రమ్స్. లింకిన్ పార్క్ 'ఇన్ ది ఎండ్'లో మైక్ షినోడా రాప్ చేసేటప్పుడు పియానో, బీట్ ముందుంటాయి, గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ అందుకున్నాకే గిటార్లు విచ్చుకుంటాయి. లిల్ వేన్ 'రీబర్త్' (2010) నాకు రుచించకపోవడానికి కారణం కూడా ఇదే, అంత ప్రతిభ ఉన్న రాపర్ గొంతుని గిటార్ల కింద పడేశారు.

1993లో 'జడ్జ్‌మెంట్ నైట్' సినిమా సౌండ్‌ట్రాక్ కోసం రాక్ బ్యాండ్‌లనీ రాపర్లనీ జతలు జతలుగా కలిపారు. అందులో నాకు అన్నిటికన్నా నచ్చింది అతి తక్కువ హోరు ఉన్న పాట, టీనేజ్ ఫ్యాన్‌క్లబ్, డి లా సోల్ కలిసి చేసిన 'ఫాలిన్'.

అపోహ: రేజ్ అగెన్స్ట్ ద మెషీన్ ఆల్బమ్‌లలో ఆ స్క్రాచింగ్ (రికార్డుని ముందుకీ వెనక్కీ లాగితే వచ్చే గీకుడు శబ్దం) చేసేది డీజే.

డీజే లేడు. మొదటి ఆల్బమ్‌తో వచ్చిన వివరాల్లోనే శాంపిళ్లు (వేరే రికార్డుల నుంచి తీసుకున్న శబ్దం ముక్కలు), కీబోర్డులు, సింథసైజర్లు వాడలేదని అచ్చేశారు. అదంతా బ్యాండ్ గిటారిస్టు టామ్ మొరెల్లో గిటారే. 1996 నాటి 'బుల్స్ ఆన్ పరేడ్' సోలోలో ఒక చేత్తో తీగల్ని రుద్దుతూ, రెండో చేత్తో పికప్ (తీగల శబ్దాన్ని పట్టే భాగం) మార్చే స్విచ్చిని టకటకా ఆడిస్తాడు. ఒక పికప్ వాల్యూమ్ సున్నా, రెండోది ఫుల్, కాబట్టి శబ్దం తెగుతూ అతుకుతూ వస్తుంది. వీడియోలో చేతులు చూస్తే అర్థమైపోతుంది.

అపోహ: శాంప్లింగ్ చేతకానివాళ్ల పని.

ఈ మాట వింటే నిజంగా కోపం వస్తుంది. 1980ల చివర్లో హిప్-హాప్ వాళ్లు వాడిన ఎస్‌పీ-1200 మెషీన్‌లో మొత్తం పట్టేది పది సెకన్ల శబ్దమే. అందుకని 33 స్పీడు రికార్డుని 45లో వేగంగా తిప్పి తక్కువ సెకన్లలో ఎక్కించుకుని, తర్వాత మెషీన్‌లో స్పీడు తగ్గించేవాళ్లు. ఆ గరుకుదనం చాలావరకు అలా పుట్టిందే. రాప్ బృందం పబ్లిక్ ఎనిమీ 1988 ఆల్బమ్‌లో స్లేయర్ గిటార్ ముక్క ఒకటి లూప్‌గా తిరుగుతుంది, అసలు పాట తెలిసినవాళ్లకి కూడా కొత్తగా వినిపిస్తుంది. బీస్టీ బాయ్స్ 'పాల్స్ బొటీక్' (1989)లో వందకు పైగా శాంపిళ్లున్నాయి, రాగానే పెద్దగా అమ్ముడుపోలేదు గానీ నా లెక్కలో వాళ్ల ఉత్తమ ఆల్బమ్ అదే. 1991లో శాంపిల్ వాడినందుకు రాపర్ బిజ్ మార్కీ మీద వచ్చిన కోర్టు తీర్పు తర్వాత ప్రతి శాంపిల్‌కీ అనుమతి, డబ్బు తప్పనిసరైపోయాయి కాబట్టి అలాంటి ఆల్బమ్ మళ్లీ చేయాలంటే ఆస్తులమ్ముకోవాలి.

అపోహ: రాప్-రాక్‌కి గంభీరమైన గొంతే కావాలి.

పబ్లిక్ ఎనిమీ రాపర్ చక్ డీ లాంటి గొంతుంటే మంచిదే, కాదనను. కానీ మిక్స్‌లో ముక్కుగొంతు చాలా సుఖం, గిటార్లని చీల్చుకుని వచ్చేస్తుంది. సైప్రెస్ హిల్ బృందంలోని రాపర్ బి-రియల్‌ది అలాంటి గొంతే. వాళ్ల 'స్కల్ అండ్ బోన్స్' (2000) రెండు డిస్కులు, ఒకటి రాప్, ఒకటి రాక్, 'సూపర్‌స్టార్' పాట రెండు పద్ధతుల్లోనూ ఉంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వెంటవెంటనే రెండూ వినండి. నా ఓటు రాప్ వెర్షన్‌కే.