మట్టి పరీక్ష చేసేవాడిగా చెబుతున్నా: నేల గురించి కొన్ని అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో మట్టి పరీక్షల ల్యాబ్‌లో పని చేస్తాను. హిందూపురం, మదనపల్లె నుంచి మన రైతులు మట్టి సంచులు పట్టుకుని వస్తారు. ఊళ్లో నాలుగెకరాలు కొని శని, ఆదివారాలు సేద్యం చేస్తున్న మన సాఫ్ట్‌వేర్ పిల్లలూ వస్తారు. ఇద్దరినీ పట్టుకున్న అపోహలు వేరు.

అపోహ: రసాయన ఎరువు వేస్తే నేల చచ్చిపోతుంది.
వాస్తవం: ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం క్యాంపస్ జీకేవీకేలో 1986 నుంచి ఒకే పొలంలో రాగి, మొక్కజొన్న వేస్తూ ఏ మడికి ఏ ఎరువు పడుతుందో లెక్క రాస్తున్నారు. ఒట్టి నత్రజని పడిన మడుల్లో నేల ఆమ్లంగా మారింది, దిగుబడి పడిపోయింది. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ అందుతూ పశువుల ఎరువు కూడా పడిన మడులు ఇప్పటికీ బాగా పండుతున్నాయి. యూరియాలో ఉండేది నత్రజని ఒక్కటే, చవక కాబట్టి దాన్నే కుమ్మరిస్తున్నాం. నేలను దెబ్బతీస్తున్నది ఆ అలవాటే.

అపోహ: పశువుల ఎరువు ఉంటే ఇంకేమీ అక్కర్లేదు.
వాస్తవం: చివికిన ఎరువులో నత్రజని సుమారు అర శాతం. టన్నుకు 5 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో 20 కిలోలకు పైనే ఉంటుంది. అంటే ఒక్క బస్తాకు సాటి రావాలంటే నాలుగు టన్నులు తోలాలి. అదీ మొదటి పంటకే మొత్తం అందదు. పశువులే లేని ఊళ్లో అంత ఎరువు ఎక్కడిది? 2021లో శ్రీలంక రసాయన ఎరువుల దిగుమతి ఒక్కసారిగా ఆపేసింది. వరి దెబ్బతింది, నవంబరుకల్లా వెనక్కి తగ్గారు. అలాగని పశువుల ఎరువు మానమని నేను ఎవరికీ చెప్పను. మన ఎర్రనేలలో తడి నిలవాలంటే సేంద్రియ కర్బనం ఉండాలి, అది బస్తాలో దొరకదు. ఎరువు చాలకపోతే జనుమో అలసందో చల్లి పూతకు రాగానే కలియదున్నండి.

అపోహ: సున్నమైనా జిప్సమైనా ఒకటే.
వాస్తవం: కాదు. ఆమ్ల నేలకు సున్నం, సోడియం చేరిన చౌడుకు జిప్సం.

అపోహ: మట్టి ఎక్కడ తవ్వి తెచ్చినా చాలు.
వాస్తవం: ఒకాయన పెంటకుప్ప పక్కన తీసి తెచ్చాడు. రిపోర్టులో అన్నీ పుష్కలంగా వచ్చాయి, ఎరువు తగ్గించాడు, పైరు పాలిపోయింది. ఆ రిపోర్టు ఇచ్చింది నేనే, ఆ బాధ ఇంకా ఉంది. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పలు వదిలి పది చోట్ల వి ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు తవ్వండి. ఆ మట్టంతా కలిపి అరకిలో తీసి, నీడలో ఆరబెట్టి గుడ్డసంచిలో తెండి. ఎరువుల సంచిలో మాత్రం వద్దు.