చక్రం పెద్దదైతే పెట్రోలు తగ్గాలి కదా, తాతయ్యా?

చిరంజీవులు లహరికీ, నానికీ,

తాతయ్య ఆశీస్సులు.

లహరీ, నీ ఉత్తరం అందింది. బాబాయి స్విఫ్ట్ కారుకి 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాడనీ, లీటరుకి 20 కిలోమీటర్లు వచ్చే బండి ఇప్పుడు 18 ఇస్తోందనీ, పిన్ని అది దండగ ఖర్చంటోందనీ రాశావు. వాళ్ళ సంగతి అలా ఉంచు. నువ్వడిగిన ప్రశ్న నాకు చాలా నచ్చింది. “చక్రం పెద్దదైతే ఒక్క చుట్టుకే ఎక్కువ దూరం పోతుంది, చుట్లు తగ్గుతాయి, మరి పెట్రోలూ తగ్గాలి కదా?” అన్నావు. నీ మాట సగం నిజం. మిగతా సగం కోసం తిరగలి దగ్గరికి వెళ్దాం రండి.

మన అటక మీద ఉన్న తిరగలిని నువ్వు చూశావు, నాని చూడలేదు. కింద ఒక రాయి, పైన ఒక రాయి, మధ్యలో ఇనుప చీల, పై రాయి అంచున కర్ర పిడి. పిడి పట్టుకుని తిప్పితే కందులు పప్పవుతాయి. మా కాలంలో పిల్లలం ఒకసారి పిడి పట్టుకున్నామంటే వదిలేవాళ్ళం కాదు. అప్పుడు ఏ పిల్లవాడికైనా చేతికి తెలిసే సంగతులు రెండు. ఆగి ఉన్న రాయిని కదిలించడమే కష్టం, తిరగడం మొదలయ్యాక వేలితో తోసినా తిరుగుతుంది. రెండోది, పిడి అంచున ఉంది కాబట్టే అంత బరువు రాయి మన మాట వింటోంది. ఆ పిడిని చీల పక్కన జానెడు లోపలికి బిగించి చూడండి, పెద్దవాళ్ళకైనా భుజం నొప్పి పుడుతుంది.

ఇంజనుకి అంచు అందదమ్మా. అది ఇరుసును పట్టుకునే తిప్పాలి. అంటే చీల పక్కన పిడి ఉన్న తిరగలి అన్నమాట. చక్రం పెద్దదయ్యేకొద్దీ రోడ్డుని తోసే అంచు ఇరుసుకి ఇంకా దూరమవుతుంది, కాబట్టి ఒక్కో చుట్టుకీ ఇంజను మరింత గట్టిగా తిప్పాలి. చుట్లు తగ్గిన మాట నిజమే, చుట్టుకయ్యే శ్రమ అంతకంత పెరిగింది. మెట్లు ఒక్కొక్కటిగా ఎక్కినా, రెండేసి చొప్పున ఎక్కినా డాబా ఎత్తు మారదు కదా. పెట్రోలు ఖర్చయ్యేది ఆ ఎత్తుకి, అడుగుల లెక్కకి కాదు. అందుకే చుట్లు తగ్గినంత మాత్రాన పెట్రోలు తగ్గదు.

ఇప్పుడు బరువు. కిలో మట్టిముద్ద తీసుకుని తిరగలి మీద చీల పక్కన అంటించి తిప్పండి, పెద్ద తేడా తెలియదు. అదే ముద్దని అంచున అంటించండి, కదిలించడం బరువవుతుంది. డిక్కీలో పెట్టిన కిలో సామాను ముందుకి మాత్రమే కదలాలి. టైరు అంచున ఉన్న కిలో రబ్బరు ముందుకీ కదలాలి, గుండ్రంగానూ తిరగాలి. అందుకని బండి వేగం అందుకునేటప్పుడు అంచున ఉన్న కిలో రెండు కిలోలతో సమానం. రిమ్ము కాస్త లోపలికి ఉంటుంది కాబట్టి దాని కిలో అంత భారం కాదు. 15 అంగుళాల రిమ్ములో అది సుమారు కిలోన్నర లోపే. రిమ్ము 16, 17 అంగుళాలు అయ్యేకొద్దీ ఆ లోహం అంచువైపు జరుగుతుంది, భారమూ పెరుగుతుంది.

బాబాయి చక్రాలు ఒక్కొక్కటీ పాతవాటికంటే 3 కిలోలు ఎక్కువనుకుందాం. నాలుగూ కలిపి 12 కిలోలు. ఆ బరువంతా అంచునే ఉన్నా 24 కిలోల లెక్క, అంటే డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తా వేసుకుని తిరిగినట్టు. ఖాళీగా ఉన్న హైవే మీద దీని ప్రభావం దాదాపు ఏమీ ఉండదు, తిరుగుతున్న తిరగలి తిరుగుతూనే ఉంటుంది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి అమీర్‌పేట దాకా సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి కదిలే బండి సంగతి వేరు. పోగుచేసుకున్న ఊపునంతా బ్రేకు వేడిగా మార్చి పారేస్తుంది, మళ్ళీ మొదటినుంచి పోగుచేసుకోవాలి. గుప్పెడు కందులకోసారి తిరగలి ఆపుకుంటే చెయ్యి పడిపోయేది అందుకే. అయినా రెండు కిలోమీటర్ల మైలేజీ పోవడానికి ఒక బియ్యం బస్తా చాలదు. ఇంకా వెతకాలి.

కందుల సంగతి మరిచిపోయాం. రెండు రాళ్ళ మధ్య కందులు నలిగినట్టే, బండి బరువుకీ రోడ్డుకీ మధ్య టైరు రబ్బరు నలుగుతుంది. కింద ఆనిన చోట అణుగుతుంది, పైకి వెళ్ళగానే తేరుకుంటుంది, ప్రతి చుట్టులోనూ ఇదే. అణిచేటప్పుడు పెట్టిన బలమంతా తేరుకునేటప్పుడు తిరిగిరాదు. కొంత వేడిగా మారి పోతుంది. రోడ్డుని గట్టిగా పట్టుకునే మెత్తని రబ్బరైతే ఈ నష్టం ఎక్కువ, వెడల్పు టైర్లు తరచూ అలాంటి రబ్బరుతోనే వస్తాయి. ఈ నలుగుడు నూటికి పది పాళ్ళు పెరిగితే మైలేజీ నూటికి ఒకటి రెండు పాళ్ళు తగ్గుతుంది. ఇంట్లో ఫ్రిజ్ మీద నక్షత్రాల స్టిక్కర్ చూశారు కదా, ఆ నక్షత్రాలిచ్చే ప్రభుత్వ సంస్థే ఇప్పుడు టైర్లకీ ఇస్తోంది. కొనేటప్పుడు రిమ్ము మెరుపు కంటే ముందు ఆ స్టిక్కర్ ఉందేమో చూడమని బాబాయికి చెప్పండి.

ఇక్కడ జనం మరిచిపోయేది ఒకటుంది. కొత్త టైరు మీది గాడుల లోతు 8 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది, అంటే నలిగే రబ్బరు ఎక్కువ. అరిగిన టైరు తేలిగ్గా దొర్లుతుంది. కాబట్టి అరిగిన పాత టైర్లు తీసి అదే సైజులో కొత్తవి వేసినా మైలేజీ కాస్త తగ్గుతుంది. తప్పంతా పెద్ద రిమ్ము నెత్తిన వెయ్యకూడదు. అమెరికాలో ఒక కార్ల పత్రిక 2010లో ఒకే కారుకి 15 నుంచి 19 అంగుళాల దాకా చక్రాలు మార్చి మార్చి పరీక్షించింది. 15తో పోలిస్తే 19 అంగుళాల చక్రాలతో మైలేజీ నూటికి 10 పాళ్ళు తగ్గింది. టైరు బయటి ఎత్తు దాదాపు అంతే. మారినవి బరువు, వెడల్పు, రబ్బరు.

గాలి సంగతి తిరగలితో చెప్పలేను. తిరగలికి గాలితో పనిలేదు. 80 కిలోమీటర్ల వేగం దాటాక ఇంజను పోరాటం ఎక్కువగా గాలితోనే. బాడీ బయటికి పొడుచుకొచ్చిన వెడల్పు టైరూ, పెద్ద పెద్ద సందులున్న రిమ్మూ గాలిని చిలుకుతాయి. మీ వీధిలో కరెంటు కార్లు ఉంటే వాటి చక్రాలు చూడండి. చాలావాటికి కంచం బోర్లించినట్టు చదునుగా మూతలుంటాయి.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. బాబాయి కారుకి ముందున్న టైరు మీద 185/65 R15 అని ఉండేది. 185 అంటే వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అంటే టైరు గోడ ఎత్తు, వెడల్పులో నూటికి 65 పాళ్ళు, అంటే 120.25. గోడ పైనా కిందా ఉంటుంది కాబట్టి రెండింతలు, 240.5. 15 అంటే రిమ్ము, అంగుళానికి 25.4 చొప్పున 381. కలిపితే 621.5 మిల్లీమీటర్లు. ఇదీ చక్రం అసలు ఎత్తు.

రిమ్ము అంగుళం పెరిగినప్పుడు గోడ అంతమేరకు తగ్గితే చక్రం ఎత్తు మారదు. బాలెనో కారుకి వచ్చే 195/55 R16 అలాంటిదే. లెక్క వెయ్యండి, 620.9 వస్తుంది. కానీ బాబాయి కొత్త టైరు ఫోటోలో నాని చదివి పంపింది 195/60 R16. అది ఫ్రాంక్స్ అనే కారు సైజు. 55కీ 60కీ తేడా చూపుకి ఆనదు. ఎత్తు మాత్రం 640.4 అయిపోయింది, అంటే నూటికి 3 పాళ్ళు ఎక్కువ.

కారుకి ఈ సంగతి తెలియదు. అది చుట్లు లెక్కపెట్టి కిలోమీటర్లు చూపిస్తుంది, అదీ పాత చక్రం లెక్కనే. ఇప్పుడు ఒక్కో చుట్టుకీ దాదాపు 6 సెంటీమీటర్లు లెక్కలోకి రాకుండా పోతున్నాయి. మీటరులో 485 కిలోమీటర్లు చూపితే బండి నిజంగా తిరిగింది 500. బాబాయి 27 లీటర్లకి 485 వచ్చిందని భాగించి 18 అన్నాడు. నిజానికి అది పద్దెనిమిదిన్నర. రెండు కిలోమీటర్ల నష్టంలో అర కిలోమీటరు అసలు జరగనే లేదు! పాత టైర్లు బాగా అరిగి ఉంటే అప్పట్లో మీటరు కాస్త ఎక్కువే చూపి ఉంటుంది, ఆ 20లో కూడా కొంచెం తరుగు తియ్యాలి. ఇంకో సంగతి, స్పీడోమీటరు కూడా ఇదే లెక్క మీద నడుస్తుంది. పాత చక్రంతో 80 అని చూపే ముల్లు, ఇప్పుడు బండి 82 దాటాక గానీ అక్కడికి రాదు. ఇది పెట్రోలు విషయం కాదు, ప్రాణం విషయం. బాబాయికి తప్పకుండా చెప్పండి.

లహరీ, నువ్వు చెప్పిన సగం నిజం ఎక్కడ పనికొస్తుందంటే హైవేలో. అయిదో గేరులో అదే వేగానికి ఇంజను నూటికి 3 చుట్లు తక్కువ తిరుగుతుంది, కొంచెం కలిసొస్తుంది. ఊళ్ళోనూ ఘాట్ రోడ్డులోనూ అదే ఎదురుతిరుగుతుంది. పికప్ చాలక కింది గేరులోనే ఎక్కువసేపు లాగాల్సివస్తుంది.

బాబాయి ఇప్పుడు చెయ్యాల్సినవి చెప్తాను, చదివి వినిపించండి. డ్రైవరు తలుపు తీస్తే పక్కన గాలి ఎంత ఉండాలో స్టిక్కరు ఉంటుంది. అది పాత సైజుకి రాసింది. దాన్ని ఆధారంగా పెట్టుకుని, కొత్త సైజుకి ఎంత కావాలో టైరు కంపెనీ పట్టికలో చూసుకోవాలి. పొద్దున బండి తియ్యకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. నాలుగు టైర్లలోనూ గాలి ఒత్తిడి ఒక్కో పాయింటు (పీఎస్ఐ) తగ్గితే మైలేజీలో సుమారు 0.2 శాతం పోతుంది. ఆరు పాయింట్లు తగ్గినా కంటికి తెలియదు, నష్టం మాత్రం శాతం దాటుతుంది. చక్రాలు మార్చాక అలైన్‌మెంట్ చేయించాడా? చేయించకపోతే ఈ వారమే చేయించాలి, వంకరగా ఉన్న టైరు దొర్లుతూనే పక్కకి ఈడుస్తుంది. 80 దగ్గర స్టీరింగు వణుకుతుంటే రిమ్ము మధ్య రంధ్రం చూపించాలి. స్విఫ్ట్ హబ్బు, అంటే ఆ రంధ్రంలో కూర్చునే ఇరుసు చివరి భాగం, 54.1 మిల్లీమీటర్లు. బయట కొన్న రిమ్ముల రంధ్రం తరచూ అంతకంటే పెద్దది, ఆ సందులో హబ్ రింగు వెయ్యకపోతే చక్రం సరిగ్గా మధ్యలో కూర్చోదు. టైరు మీద సైజు తర్వాత ఉండే అంకె మొయ్యగల బరువు. 88 అంటే 560 కిలోలు, 87 అంటే 545. పాతదానికంటే తగ్గకూడదు.

స్టెప్నీ కూడా చూడమనండి. అది పాత ఎత్తుదే కదా. పంచరైతే దాన్ని వెనక చక్రం స్థానంలోనే వెయ్యాలి. ముందు చక్రం పంచరైతే వెనకది ఒకటి ముందుకి మార్చి, స్టెప్నీ వెనక వెయ్యాలి. ఇంజను తిప్పేది ముందు చక్రాలని, వాటిలో ఒకటి పొట్టి ఒకటి పొడుగు అయితే మధ్యనున్న గేర్లు ఎడతెరిపి లేకుండా అరుగుతాయి.

ఇంతా చెప్పి పెద్ద చక్రం చెడ్డదని మాత్రం అనుకోకండి. బీఎండబ్ల్యూ కంపెనీ ఐ3 అని ఒక కరెంటు కారు చేసింది. ఛార్జింగు ఎక్కువ దూరం రావాలని దానికి పెట్టిన టైరు 155/70 R19. రిమ్ము 19 అంగుళాలు, వెడల్పు మాత్రం బాబాయి పాత టైరుకంటే 30 మిల్లీమీటర్లు తక్కువ! పొడుగ్గా, సన్నగా ఉంటుంది. ఆ కారు బొమ్మ ఒకటి సంపాదించి, దాని పక్కన మన ఊరి ఎడ్లబండి చక్రం ఫోటో పెట్టుకుని చూడండి. మనిషి రొమ్ముదాకా ఎత్తు, సన్నని ఇనప పట్టా, గుంటలోకి దిగబడకుండా పైపైన దాటిపోయే గుండ్రం. ఇరుసులూ ఆకులూ చెక్కిన వడ్రంగులు ఏ లెక్కా కాగితం మీద వెయ్యలేదు, ఎడ్ల మెడ మీద కాడి ఎంత ఒరుసుకుందో చూసి నేర్చుకున్నారు. ఆ చక్రం ముందు నిలబడితే నాకు ఇప్పటికీ మాట రాదు.

ఆదివారం మీరిద్దరూ చెయ్యాల్సిన పని ఒకటుంది. బాబాయిని స్టీరింగు దగ్గర కూర్చోమనండి. నేల సమంగా ఉన్న చోట, బండ్లు తిరగని చోట. ముందు టైరు నేలకి ఆనిన చోట సుద్దముక్కతో టైరు మీదా నేల మీదా గీత పెట్టండి. బాబాయి బండిని నెమ్మదిగా పోనిస్తే, ఆ గీత అయిదుసార్లు కిందికి వచ్చేదాకా లహరి దూరంగా పక్కన నడుస్తూ లెక్కపెట్టాలి. అక్కడ ఆపించి నేల మీద రెండో గీత పెట్టి, టేపుతో కొలిచి అయిదుతో భాగించండి. లెక్క ప్రకారం 2012 మిల్లీమీటర్లు రావాలి. మీకు అంతకంటే కొంచెం తక్కువ వస్తుంది. ఎందుకు తగ్గిందో టైరు కింది భాగాన్ని వంగి చూస్తే మీకే తెలుస్తుంది. తర్వాత హైవే మీద ఒక ముప్పై కిలోమీటర్లు తిరిగొచ్చి, బండి ఆపాక టైరు గోడని అరచేత్తో తాకి చూడండి, రిమ్ముని మాత్రం వద్దు, బ్రేకు వేడికి కాలుతుంది. ఆ వెచ్చదనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు రాయండి.

మీ తాతయ్య