మీ చేతిలో ఉన్న కార్డు మీదేనా? ఏటీఎం అపోహలు - వాస్తవాలు

దాళ్వా ధాన్యం డబ్బులు ఖాతాల్లో పడ్డాయంటే అమలాపురం, పాలకొల్లు, రావులపాలెం ఏటీఎంల దగ్గర జనం మూగుతారు. "బాబాయ్ గారూ, మీరుండండి, నేను తీసిపెడతా" అనేవాడూ వాళ్లలోనే ఉంటాడు.

అపోహ: కార్డు నా దగ్గరే ఉంది, డబ్బెక్కడికి పోతుంది?

వాస్తవం: పెద్దవాళ్లను నిలువునా ముంచేది ఈ ధీమానే. వాడు పక్కన నిలబడి పిన్ చూస్తాడు. "చిప్పుకి దుమ్ము పట్టింది, తుడిచిస్తా" అని కార్డు తీసుకుని, అదే బ్యాంకుది, అదే రంగుది, ఇంకెవరి కార్డో చేతిలో పెడతాడు. మీరు కొడితే 'పిన్ తప్పు' అంటుంది. సర్వర్ లేదేమోననుకుని ఇంటికెళ్లిపోతారు. వాడు ఇంకో ఊళ్లో రాత్రి 12 లోపు ఒక రోజు లిమిట్, 12 దాటాక రెండో రోజు లిమిట్ లాగేస్తాడు. మిగిలింది బంగారం కొట్లో స్వైప్.

ఎప్పుడూ కొట్టే పిన్నే తప్పని మిషన్ అంటే కార్డునే అనుమానించండి. చివరి నాలుగంకెలు అక్కడికక్కడే చూడండి. పేరు లేని కార్డులూ ఇస్తున్నారు. చదువు రాని అమ్మమ్మకైతే చెరగని మార్కర్‌తో కార్డు మీద ఓ గుర్తు పెట్టివ్వండి, చిప్పుకీ వెనక నల్ల పట్టీకీ తగలకుండా.

మారిందని తెలిశాక, ఆదివారం కదా, రేపు బ్రాంచికెళ్దాంలే అనుకోకండి. పాస్‌బుక్ మీది నంబరుకి ఫోన్ చేసి కార్డు బ్లాక్ చేయించి, ఫిర్యాదు నంబరు, టైము రాసుకోండి. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. కస్టమర్ కేర్ కోసం గూగుల్లో వెతికితే రెండో దొంగ తగులుకుంటాడు. 2017 నాటి రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, మన అజాగ్రత్త వల్ల పోయిన సొమ్ము బ్యాంకుకి చెప్పేదాకా మన నష్టమే. చెప్పాక పోయింది బ్యాంకుది. టైము రాసుకోమన్నది అందుకే.

అపోహ: ఖాతాలో కట్టయింది, నోట్లు రాలేదు, ఇక పోయినట్టే.

వాస్తవం: ఆ రోజు కాక 5 రోజుల్లోగా బ్యాంకే తిరిగి వేయాలి. దాటితే రోజుకి 100 రూపాయలు, మీరు అడక్కపోయినా ఇవ్వాలి. స్లిప్పు దాచుకోండి. కానీ నోట్లు లెక్కపెట్టిన చప్పుడు వచ్చి, నోట్లు మాత్రం బయటికి రాకపోతే అక్కణ్నుంచి కదలొద్దు. నోట్లొచ్చే చోట ఎవరైనా పట్టీ అంటించి, మీరెప్పుడు వెళ్తారా అని కాచుకుని ఉండొచ్చు. అక్కణ్నుంచే బ్యాంకుకి ఫోన్ చేయండి.

ఇక వాట్సాప్ సరుకు. పిన్ తిరగేసి కొడితే పోలీసులొస్తారట. రారు. 1221 పిన్ ఉన్నాయన ఏం తిరగేస్తాడు? ముందు క్యాన్సిల్ రెండుసార్లు నొక్కితే పిన్ దొంగిలించలేరట. దొంగ పైన అంటించిన కెమెరాకి ఆ మీటతో ఏం పని? రెండో చెయ్యి అడ్డం పెట్టి కొట్టండి, చాలు.

నెలకి ఐదు వేలు తీసుకునే పెద్దాయన కార్డుకి రోజుకి నలభై వేల లిమిట్ ఎందుకు? బ్యాంకు యాప్‌లో తగ్గించండి, షాపు స్వైప్ కూడా ఆపేయండి.