ఉగ్రవాదుల చేతిలో ఏఐ: అపోహలు - వాస్తవాలు

చాట్‌జీపీటీ లాంటి చాట్‌బాట్‌లను నడిపించే ఏఐ మోడళ్లను జనంలోకి వదిలే ముందు పరీక్షించే పని నాది. దుర్బుద్ధి ఉన్నవాడు ఎలా అడుగుతాడో అలాగే అడిగి, మోడల్ ఎక్కడ లొంగిపోతుందో చూస్తాం. రెడ్ టీమింగ్ అంటారు. ఉగ్రవాదులు ఏఐ వాడటం గురించి నాకు తరచూ ఎదురయ్యే అపోహలు ఇవి.

అపోహ: చాట్‌బాట్ ప్రమాదకరమైన ప్రశ్నకు జవాబు ఇచ్చిందంటే ఆయుధం చేతిలో పెట్టినట్టే.

వాస్తవం: ఆ జవాబు వల్ల అడిగినవాడికి కొత్తగా ఏం కలిసొచ్చింది అన్నదే అసలు లెక్క. దాన్ని అప్‌లిఫ్ట్ అంటాం. ప్రతి ప్రశ్నకూ మూడు సంగతులు రాసుకుంటాం: మోడల్ కాదందా, చెప్పింది నిజమేనా, అదే సమాచారం మామూలు సెర్చ్‌లో దొరుకుతుందా. మూడోది తేల్చడానికే ఎక్కువ టైమ్ పడుతుంది. రెండోదానికి ఆ రంగం నిపుణులు పక్కన ఉండాల్సిందే, ఎందుకంటే మోడల్ తప్పును కూడా ధీమాగా చెప్తుంది.

2024 జనవరిలో అమెరికాలోని ర్యాండ్ అనే పరిశోధన సంస్థ ఒక అధ్యయనం విడుదల చేసింది. జీవాయుధ దాడికి పథకం వేయమని కొన్ని బృందాలకు ఇంటర్నెట్ మాత్రమే ఇచ్చారు, మరికొన్నింటికి దాంతోపాటు ఏఐ మోడల్ కూడా ఇచ్చారు. పథకాల ఆచరణ సాధ్యతలో గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అలాగని నిశ్చింతగా కూర్చోలేం. అది ఆనాటి మోడళ్ల సంగతి. ఆ తర్వాత మోడళ్లు చాలా మారిపోయాయి.

అపోహ: ఏఐ వల్లే దాడులు జరుగుతాయని లాస్ వేగాస్ ఘటనతో రుజువైపోయింది.

వాస్తవం: 2025 జనవరి 1న అమెరికాలోని ఆ ఊళ్లో ఒక హోటల్ ముందు టెస్లా సైబర్‌ట్రక్ పేల్చిన వ్యక్తి, పథకం వేయడానికి చాట్‌జీపీటీ వాడాడని పోలీసులే చెప్పారు. ఇంటర్నెట్‌లో అప్పటికే ఉన్న సమాచారమే ఇచ్చామని, హెచ్చరించామని చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీ అంది. అది ఆత్మహత్యలా కనిపిస్తోందని ఎఫ్‌బీఐ చెప్పింది. ఏఐ వాడటం వేరు, ఏఐ లేకపోతే ఆ పని జరిగేది కాదనడం వేరు. రెండూ కలిపేస్తే అంచనా మొదటి మెట్టులోనే చెడుతుంది.

అపోహ: ప్రభుత్వాలకు పట్టదు.

వాస్తవం: 2025లో అమెరికా ప్రతినిధుల సభలో ఆగస్ట్ ఫ్లూగర్ అనే సభ్యుడు పెట్టిన బిల్లు, ఉగ్రవాద సంస్థలు జనరేటివ్ ఏఐని ఎలా వాడుతున్నాయో హోంలాండ్ సెక్యూరిటీ శాఖ ఏటా అంచనా వేయాలంటుంది. బ్రిటన్ ఏఐ మోడళ్లను పరీక్షించే తన ఏఐ సేఫ్టీ ఇన్‌స్టిట్యూట్ పేరును 2025 ఫిబ్రవరిలో సెక్యూరిటీ ఇన్‌స్టిట్యూట్‌గా మార్చింది. అమెరికా బిల్లులో ఏటా అన్న మాట నాకు బాగా నచ్చింది. ఒక్కసారి చూసి వదిలేసే విషయం కాదిది.

అపోహ: భయమంతా బాంబుల ఫార్ములాల గురించే.

వాస్తవం: ప్రచారం గురించి కూడా భయపడాలి. ఉగ్రవాద వీడియో ఒకటి దొరికితే దాని డిజిటల్ వేలిముద్ర లాంటి హ్యాష్ తీసి ప్లాట్‌ఫామ్‌లు పంచుకుంటాయి. కాపీలు వెంటనే పట్టుబడతాయి. అదే సందేశంతో ఏఐ కొత్త బొమ్మ గీసిస్తే పాత హ్యాష్‌కు అది చిక్కదు.

అపోహ: ఇంగ్లిష్‌లో పరీక్షిస్తే చాలు.

వాస్తవం: 2023లో బ్రౌన్ యూనివర్సిటీ పరిశోధకులు ఇంటర్నెట్‌లో తక్కువగా కనిపించే జులు, గ్వరానీ లాంటి నాలుగు భాషల్లోకి మార్చిన హానికర ప్రశ్నలతో ఓపెన్‌ఏఐ మోడల్ జీపీటీ-4 రక్షణలను 79 శాతం ప్రశ్నల్లో దాటగలిగారు. ఇంగ్లిష్‌లో అది ఒక శాతం లోపే. తెలుగు సంగతి ఆలోచించండి. మనవాళ్లలో చాలామంది చాట్‌లో తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో, సగం ఇంగ్లిష్ కలిపి టైప్ చేస్తారు. మెషీన్‌తో తర్జుమా చేసిన గ్రాంథిక తెలుగు ప్రశ్నలతో పరీక్ష పెట్టి పాస్ చేస్తే ఆ మార్కులకు విలువ లేదు. జనం మాట్లాడే తెలుగులో, తెలుగువాళ్లే రాసిన ప్రశ్నలు ఆ పరీక్షల్లో ఉండాలి.